గంట ముందా, ఫౌల్ ముందా?

రాజమహేంద్రవరములో గోదావరి గట్టున నిలిచి, ఏటి నడుమ ఇసుక తిన్నె మీద ఎవరైనా బట్టలుతుకుతుండగా చూచినవారికి ఒక వింత అనుభవమునకు వచ్చును. బట్ట బండను తాకుట మొదట కంటికి కనబడును. ఆ దెబ్బ చప్పుడు మాత్రము, ఉతికే మనిషి చేయి మరల పైకి లేచిన తరువాత చెవికి చేరును. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ధ్వని గాలిలో సెకనుకు సుమారు 349 మీటర్ల వేగముతో పోవును. కాబట్టి 350 మీటర్ల దూరమున పడిన దెబ్బ దాదాపు ఒక సెకను ఆలస్యముగా మనకు వినబడును. వెలుగుకు ఆ దూరము ఒక దూరమే కాదు.

తరగతి గదిలో ఇది చిన్న పాఠము. బాస్కెట్‌బాల్ మైదానములో ఇదే సంగతి ఒక జట్టు గెలుపును ఓటమిగా మార్చగలదు. ఆటలో ఒక భాగము ముగియబోతున్నది. చివరి సెకను జరుగుతున్నది. ఒక ఆటగాడు బంతిని బుట్టలో వేయబోగా ఎదుటివాడు అతని చేతిని కొట్టినాడు. అదే సమయమున ముగింపు సంకేతము మ్రోగినది. దెబ్బ ముందు తగిలినదా, సంకేతము ముందు మ్రోగినదా? దెబ్బ ముందైతే రెండు ఫ్రీ త్రోలు, ఒక్కొక్కటి ఒక్కొక్క పాయింటు. సంకేతము ముందైతే ఏమియు లేదు. ఈ ప్రశ్నకు రిఫరీ నిలుచున్నచోటనే జవాబు చెప్పవలెను. ఆ జవాబు చెప్పే పద్ధతి నూరేండ్లకు పైగా ఎట్లు మారుతూ వచ్చినదో ఈ వ్యాసములో చూతము.

ఈ ఆట ఎవరు, ఎప్పుడు కనిపెట్టినారో నిశ్చయముగా తెలిసిన కొద్ది ఆటలలో ఒకటి. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరములో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నెయిస్మిత్ 1891 డిసెంబరులో దీనిని ఆరంభించినాడు. చలికాలములో గది లోపల ఆడుటకు అనువైన ఆట కావలసివచ్చి, రెండు పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీ కమ్మీలకు కొట్టించినాడు. తొలి ఆటలో జట్టుకు తొమ్మిదిమంది. మొత్తము ఆటలో పడినది ఒక్కటే గోలు. ఆయన వ్రాసిన 13 నియమములు 1892 జనవరిలో అచ్చయినవి.

ఆ పదమూడింటిలో మనకు కావలసిన విశేషమొకటి ఉన్నది. నెయిస్మిత్ ఇద్దరు అధికారులను ఏర్పరచినాడు. అంపైరు మనుష్యులను కనిపెట్టి ఫౌళ్ళు లెక్కించవలెను. రిఫరీ బంతిని కనిపెట్టవలెను, కాలమును కూడ చూడవలెను. అనగా ఫౌల్ ఎరిగినవాడొకడు, గడియ ఎరిగినవాడు మరొకడు. 'ఏది ముందు' అనే ప్రశ్నకు ఈ ఇద్దరి జ్ఞానము ఒకచోట చేరవలసి ఉన్నది. ఆట పుట్టిననాడే ఈ చిక్కు దానితో పుట్టినదనుట తప్పు కాదు.

అయినను మొదట ఇది పెద్ద చిక్కు కాలేదు. ఆనాటి నియమము ప్రకారము ఒక జట్టు వరుసగా మూడు ఫౌళ్ళు చేసినచో ఎదుటి జట్టుకు ఒక గోలు లెక్కించేవారు. ఒక్క ఫౌల్‌కు వెంటనే చెల్లించే వెల లేదు. కొద్ది సంవత్సరములకే, 1894–95 ప్రాంతమున, ఫ్రీ త్రో వచ్చినది. అడ్డు లేకుండ 15 అడుగుల దూరమునుండి బుట్టలోనికి వేయు హక్కు ఇది. అప్పటినుండి ప్రతి ఫౌల్‌కు ఒక ధర ఏర్పడినది. ఆ ధరను ఆటకాలము చెల్లిపోయిన తరువాత కూడ వసూలు చేయవచ్చునా అనే ప్రశ్న అప్పుడు పదునెక్కినది.

మన ప్రాంతమునకు ఈ ఆట వచ్చిన దారి మద్రాసు మీదుగా ఉన్నది. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు గోదావరి జిల్లాలు మద్రాసు పాలనలోనివే. ఆ రోజులలో బడులకు, కళాశాలలకు వ్యాయామోపాధ్యాయులను తయారుచేసిన పెద్ద విద్యాలయమది.

అంతకు ముందు మన కుర్రవాండ్రకు కాలపరిమితిగల ఆట లేదా అంటే, ఉన్నది. చెడుగుడు. ఏటి ఇసుకలోను, కోత అయిన వరిచేలలోను ఆడే ఈ ఆటలో గడియారమే ఆటగాని గొంతులో ఉండును. కూత పెట్టి గీత దాటినవాడు ఊపిరి నిలిచినంతసేపే ఎదుటివారి గడిలో తిరుగవచ్చును. కూత తెగినచో కాలము చెల్లినది. ఆ గడియారము అందరికీ వినబడును, దానిని నడిపేవాడే దానికి కట్టుబడి ఉండును. ఇంతకంటె చవకైన, నమ్మకమైన కాలమాపకమును నేనెరుగను. ఇదే ఆట కబడ్డీగా నియమబద్ధమై, ఇరువది నిమిషముల అర్ధభాగములు ఏర్పడిన తరువాత, చివరి కూత పెట్టి గీత దాటినవానిని మధ్యలో ఆపరాదనియు, నిర్ణీత కాలము ముగిసినను ఆ కూత పూర్తి కానియ్యవలెననియు నియమము చేసినారు. కాలమునకు లోబడి మొదలైన పనిని కాలము చెల్లిన తరువాత కూడ ముగియనిచ్చుట అందులోని న్యాయము. బాస్కెట్‌బాల్ వారు కూడ ఇంచుమించు ఈ న్యాయమునకే వచ్చినారు. కాని వారి ఆటలో పని ఒకటి కాదు, రెండు. గాలిలోని బంతి ఒకటి, చేతికి తగిలిన దెబ్బ రెండవది.

బంతి విషయము తేలిక. సంకేతము మ్రోగకముందే బంతి చేతిని వదలినచో, అది గాలిలో ఉండగా సంకేతము మ్రోగినను, బుట్టలో పడితే గోలే. ఫౌల్ విషయములో అంతర్జాతీయ నియమము ఇది: ముగింపు సంకేతముతో పాటుగా గాని, దానికి కొంచెము ముందుగా గాని ఫౌల్ జరిగినచో దానికి రావలసిన ఫ్రీ త్రోలను ఆటకాలము ముగిసిన తరువాత వేయింపవలెను. ఈ త్రో తప్పినను బంతికొరకు పెనుగులాట ఉండదు. ఆడుటకు కాలము మిగిలిలేదు గదా! అందుచేత మామూలుగా బుట్ట క్రింద ఇరుప్రక్కల వరుసగా నిలుచుండే ఆటగాండ్రు ఎవరూ అక్కడ ఉండరు. వేసేవాడు ఒంటరిగా గీతవద్ద నిలుచుండును.

రెంటిని విడివిడిగా తూచుటలో ఒక చక్కని చిక్కుముడి ఉన్నది. బంతి వేయబోతున్నవానిని సంకేతమునకు ముందు కొట్టినారు. అతడు ఆగక, అదే ఊపులో బంతిని వదలినాడు, కాని వదలేటప్పటికి సంకేతము మ్రోగినది. బంతి బుట్టలో పడినది. ప్రేక్షకులలో సగము మంది గోలు అందురు, సగము మంది ఏమియు లేదందురు. ఇరువురూ పొరబడినట్లే. బంతి ఆలస్యముగా వదలినందున గోలు చెల్లదు. ఫౌల్ ముందుగా జరిగినందున ఫ్రీ త్రోలు చెల్లును.

ఫ్రీ త్రోలతో పాయింట్లు సమమై అదనపు ఆట అవసరమైనచో, ఆటకాలము ముగిసిన తరువాత జరిగిన ఫౌళ్ళన్నియు విరామములో జరిగినవిగా భావించి, వాటి త్రోలను అదనపు ఆటకు ముందు వేయింతురు. సంకేతము తరువాత మామూలుగా ఒకరినొకరు తగులుట మాత్రము లెక్కకు రాదు. కావలెనని, మోటుగా చేసినచో వచ్చును. అమెరికా ఉన్నత పాఠశాలల నియమావళిలో ఒక పొదుపు కూడ ఉన్నది: ఆట చివర కాలము అయిపోయిన తరువాత, ఫలితమును మార్చలేని ఫ్రీ త్రోలను వేయింపనక్కరలేదు. అంతర్జాతీయ పోటీలలో జట్ల స్థానములు నిర్ణయించుటకు పాయింట్ల తేడా కూడ అవసరపడును గనుక ఓడిన జట్టుకైనను ఆ ఒక్క పాయింటు వృథా కాదు.

ఇక్కడ ప్రేక్షకులు తరచుగా మరచే సంగతి ఒకటి చెప్పవలెను. ముందు హారను వినబడినది, తరువాత రిఫరీ ఈల వినబడినది, కాబట్టి ఫౌల్ చెల్లదని గొడవ చేయుదురు. నియమమునకు కావలసినది తాకిడి జరిగిన క్షణము, ఈల ఊదిన క్షణము కాదు. కన్ను చూచి, మెదడు తీర్మానించి, ఊపిరి ఈలలోనికి పోవుటకు కొంత కాలము పట్టును. తాకిడికి, ఈలకు నడుమ హారను మ్రోగుటలో అసంభవమేమియు లేదు.

ఆ క్షణములను కొలిచి చూతము. అంతర్జాతీయ మైదానము పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. టైమ్‌కీపర్ బల్ల పొడవుటంచు నడుమ ఉండును. ఎదుటి మూలలో నిలుచున్న రిఫరీకి బల్ల సుమారు 20 మీటర్ల 50 సెంటీమీటర్ల దూరమున ఉండును. బల్లవద్ద మ్రోగిన హారను అతనిని చేరుటకు సెకనులో 6 శతాంశములు పట్టును. మెరుపు వేగముతో కదిలే చేతికి ఇది తక్కువ కాలము కాదు. ఇక మానవుని ప్రతిస్పందన: శబ్దము వినగానే మీట నొక్కుమన్న మనిషికి సుమారు 0.15 సెకను, వెలుగు చూడగానే నొక్కుమన్నచో సుమారు 0.2 సెకను పట్టును. చెవి కంటికంటె చురుకైనదని దీనివలన తెలియును. పైగా చెవితో విన్న దానిని, కంటితో చూచిన దానిని పోల్చి, కొన్ని శతాంశముల తేడాలో ఏది ముందో నిశ్చయముగా చెప్పగల మనిషి లేడు.

పూర్వము మన పెండ్లిండ్లలో ముహూర్తము చూచుటకు అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటిపై వదలేవారు. అది నిండి మునిగితే ఒక గడియ, అనగా 24 నిమిషములు. అర నిమిషము అటైనా ఇటైనా ఎవరికీ పట్టింపు లేదు. దేశమంతటికీ కాలము నిర్ణయించే 82½ డిగ్రీల రేఖాంశము మన తుని ప్రాంతము మీదుగానే పోతున్నది గాని, ఆ కాలము కూడ బాస్కెట్‌బాల్‌కు పనికిరాదు. ఈ ఆటలో గడియారము ప్రతి ఈలకు ఆగి, మరల నడుచును. మీటవద్ద కూర్చున్న మనిషి ప్రతిసారి 0.2 సెకను ఆలస్యము చేసినాడనుకొందము. ఏబదిసార్లు ఆపితే పది సెకనులు పోయినట్లే.

ఎలక్ట్రానిక్ హారనులు లేని రోజులలో ఈ చిక్కునకు న్యాయశాస్త్రమే శరణ్యమైనది. అమెరికా కళాశాలల నియమావళిలోని పద్ధతి నాకు మిక్కిలి వివేకవంతముగా కనబడును. టైమ్‌కీపర్ సంకేతము మ్రోగకపోయినను, ఎవరికీ వినబడకపోయినను, ఈలోగా గోలు పడినను, ఫౌల్ జరిగినను, రిఫరీ బల్లవద్దకు పోయి అడుగవలెను. కాలము ముందే ముగిసినదని అందరూ ఏకీభవించినచో ఆ ఫౌల్‌ను కొట్టివేయవలెను. భేదాభిప్రాయము కలిగినచో గోలు చెల్లును, ఫౌల్‌కు శిక్ష పడును. రిఫరీకి స్వయముగా తెలిసిన సంగతి ఏదైనా ఉంటే తప్ప. అనగా సందేహము కలిగినప్పుడు కంటికి కనబడిన చర్య నిలుచును, వినబడని గంట నిలువదు. రుజువు భారము గంటపై పడినది.

చివరి క్షణములలోనే ఫౌళ్ళు గుంపుగా ఎందుకు వచ్చును? ఆటగాండ్ర అలసట వలన కొంత, లెక్క వలన ఎక్కువ. ముందున్న జట్టు బంతిని చేతులు మార్చుకొంటూ కాలము గడపవచ్చును. వెనుకబడినవారికి గడియారమును ఆపే మార్గమొక్కటే, ఫౌల్ చేయుట. ఈ వ్యవహారము ఎంతవరకు పోయినదంటే, 1950 నవంబరు 22న అమెరికాలో వృత్తి జట్లయిన ఫోర్ట్ వేన్, మినియాపొలిస్‌ల పోటీ 19–18 పాయింట్లతో ముగిసినది. సొమ్ము పెట్టి వచ్చిన ప్రేక్షకుల గతి ఊహించవచ్చును. 1954లో సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ సూచనపై, బంతి చేజిక్కిన జట్టు 24 సెకనులలో బుట్టకు వేయవలెనని నియమించినారు. ఈ 24 ఎక్కడిదన్నది విద్యార్థులకు మంచి లెక్క. చూడముచ్చటగా సాగిన ఆటలలో రెండు జట్లు కలిసి దాదాపు 120 సార్లు బుట్టకు వేసేవి. ఆట 48 నిమిషములు, అనగా 2,880 సెకనులు. భాగించి చూడుడు. అంతర్జాతీయ సమాఖ్య 1956లో 30 సెకనుల నియమము పెట్టి, 2000లో తానును 24కు వచ్చినది. ఆ సంవత్సరమే పది నిమిషముల నాలుగు భాగములు కూడ వచ్చినవి. నాలుగు భాగములనగా నాలుగు ముగింపులు. రిఫరీకి పూర్వము రెండుసార్లు ఎదురయ్యే పరీక్ష ఇప్పుడు నాలుగుసార్లు ఎదురగును.

చివరి క్షణపు ఫౌల్ ప్రపంచమంతటిని కదిలించినది 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో. అమెరికాకు, సోవియట్ రష్యాకు ఫైనల్. సెప్టెంబరు 9 రాత్రి బాగా ప్రొద్దుపోయి ఆరంభమైన ఆట అర్ధరాత్రి దాటి 10వ తేదీన ముగిసినది. ఇక మూడు సెకనులు మిగిలియుండగా సోవియట్ జట్టు 49–48తో ముందున్నది. బంతిని లాగుకొని బుట్టవైపు పరుగెత్తిన అమెరికన్ డగ్ కాలిన్స్‌ను గట్టిగా పడగొట్టినారు. ఫౌల్ విషయములో ఎవరికీ సందేహము లేదు. కాలిన్స్ మొదటి త్రో వేసినాడు, 49–49. రెండవదానికి బంతి ఎత్తుచుండగా బల్లవద్ద హారను మ్రోగినది. అతడు చలింపక వేసినాడు, 50–49.

చిక్కంతయు అక్కడ మొదలైనది. తాము విరామము కోరినామని, బల్లవద్దివారు ఇవ్వలేదని సోవియట్ శిక్షకులు వాదించినారు. ఆట సాగి ఒక సెకను మిగిలియుండగా బ్రెజిల్ దేశపు రిఫరీ రెనాటో రిఘెట్టో దానిని ఆపినాడు. అంతర్జాతీయ సమాఖ్య కార్యదర్శి విలియమ్ జోన్స్ ప్రేక్షకుల స్థానమునుండి దిగివచ్చి, మూడు వేళ్ళు చూపి, గడియారమును మూడు సెకనులకు త్రిప్పుమన్నాడు. ఆట నడుమ అట్లు ఆజ్ఞాపించు అధికారము నియమావళిలో ఆయనకు లేదు. గడియారమును సరిచేయుట పూర్తికాకముందే బంతిని ఆటలోనికి విసరినారు. హారను మ్రోగినది, అమెరికన్లు గెలిచితిమని గంతులు వేసినారు. గడియారము సరిగా పెట్టలేదని మరల మూడు సెకనులు ఇచ్చినారు. ఈసారి ఇవాన్ ఎదెష్కో మైదానము ఈ కొసనుండి ఆ కొసకు విసరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేసినాడు. 51–50. రిఘెట్టో స్కోరు పత్రముపై సంతకము చేయ నిరాకరించినాడు. అయిదుగురు సభ్యుల అప్పీలు సంఘము 3–2 ఆధిక్యతతో ఫలితమును ఖాయపరచినది. అమెరికన్ ఆటగాండ్రు వెండి పతకములను స్వీకరింపలేదు.

ఈ ఘటనపై వ్రాసేవారు ఎక్కువగా రాజకీయములు వ్రాయుదురు. విజ్ఞాన విద్యార్థికి కనబడేది వేరు. చివరి మూడు సెకనులలో రిఫరీ తన పనిని సరిగానే చేసినాడు. ఫౌల్‌ను గుర్తించినాడు, త్రోలు వేయించినాడు. తప్పినది గడియారము, హారను, బల్లల మధ్యనున్న గొలుసు. మీటవద్ద మనిషికి ఒకటి తెలుసు, ఈలవద్ద మనిషికి మరొకటి తెలుసు. నెయిస్మిత్ ఇద్దరి మధ్య పంచిన పని ఎనుబది యేండ్ల తరువాత కూడ ఒకచోటికి రాలేదన్నమాట.

సెకనులో పదవ వంతు చూపే గడియారములు వచ్చిన తరువాత కొత్త చిక్కు తల ఎత్తినది. 1990 జనవరి 15న న్యూయార్క్ జట్టు ఆటగాడు ట్రెంట్ టకర్, గడియారములో 0.1 సెకను మాత్రము ఉండగా, అంచునుండి వచ్చిన బంతిని పట్టి, తిరిగి, బుట్టలో వేసినాడు. గోలు చెల్లినది. ఇది మానవసాధ్యము కాదని, మీటవద్ద ఆలస్యమే కారణమని వాదన వచ్చినది. పట్టి వేయుటకు కనీసము 0.3 సెకను ఉండవలెనని, అంతకు తగ్గినచో బంతిని చేతితో తట్టుట మాత్రమే చెల్లునని నియమము చేసినారు. మనిషి కండరముల వేగము ఒక ఆట నియమావళిలో అంకెగా చేరుట ఒక విశేషము.

ఈల విన్నవాని ఆలస్యమును తొలగించుటకు ఇరువదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఒక పరికరము వచ్చినది. రిఫరీ నడుముకు చిన్న పెట్టె, మెడవద్ద మైకు ఉండును. ఈల ధ్వనిని అది గుర్తించి, రేడియో ద్వారా గడియారమును తానే ఆపును. దానిని కనిపెట్టినవాడు మైకేల్ కోస్టాబైల్ అనే రిఫరీయే.

2002 మే 26న లాస్ ఏంజెలెస్, శాక్రమెంటో జట్ల పోటీలో మొదటి అర్ధభాగము చివర సమాకి వాకర్ వేసిన మూడు పాయింట్ల గోలును చెల్లించినారు. కాలము ముగిసేటప్పటికి బంతి ఇంకను అతని చేతిలోనే ఉన్నదని టెలివిజన్ బొమ్మలో తేలినది. లాస్ ఏంజెలెస్ గెలిచినది ఒక్క పాయింటుతో, 100–99. మరుసటి ఆటకాలమునుండే అమెరికా వృత్తి సంఘము బొమ్మను మరల చూచి తీర్పు చెప్పే పద్ధతిని, బుట్ట పలక చుట్టు ఎర్ర దీపములను ప్రవేశపెట్టినది. అంతర్జాతీయ నియమములో కూడ పలకకు ఎర్ర దీపములున్నచోట హారనుకంటె దీపమే ప్రమాణము.

చెవి చురుకైనదని పైన చెప్పి, ఇప్పుడు దీపమే ప్రమాణమనుట విరుద్ధముగా తోచవచ్చును. దీపము గొప్పతనము వేగములో మాత్రమే లేదు. బంతి, బుట్ట, దీపము ఒకే చూపులో, ఒకే బొమ్మలో పడును. రెండు ఇంద్రియముల సాక్ష్యమును పోల్చవలసిన అవసరము తప్పినది. కాని ఫౌల్ విషయములో దీపముకూడ సగమే సాయము చేయును. దెబ్బ బుట్టవద్దనే తగలవలెనని లేదు. మైదానము నడుమ తగిలినచో రిఫరీ చూపు దీపముపై ఉండదు. అందుచేతనే, భాగము ముగియకముందు ఫౌల్ జరిగినదా, జరిగినచో గడియారములో ఎంత కాలము మిగిలి ఉండవలెను అన్న అంశమును, బొమ్మ మరల చూచి నిర్ణయింపదగిన విషయముల పట్టికలో అంతర్జాతీయ సమాఖ్య ప్రత్యేకముగా చేర్చినది.

గడియారము ఆపుటకై చేసే ఫౌళ్ళను అణచే ప్రయత్నము కూడ ఆగలేదు. చివరి రెండు నిమిషములలో, అంచునుండి విసరేవాని చేతిలో బంతి ఉండగానే మైదానములో ఎవరినైనా పట్టుకొనుట వెనుకబడిన జట్లకు అలవాటు. ఒక్క సెకనైనను ఖర్చు కాకుండ ఆట ఆగునని ఆశ. 2022 అక్టోబరునుండి దీనికి ప్రత్యేక శిక్ష వచ్చినది: ఒక ఫ్రీ త్రో, ఆపై బంతి మరల ఆ జట్టుకే.

మన కాకినాడ, భీమవరము, అమలాపురము వంటి ఊళ్ళలో ఆరుబయట ఆడే మైదానములలో దీపములు, కెమెరాలు వెదకి లాభము లేదు. బల్లపై ఒక స్టాప్‌వాచి, ప్రక్కన ఒక గంటయో ఈలయో ఉండును. సముద్రపు గాలి ఎదురుగా వీచి, గట్టున విద్యార్థులు కేకలు వేయుచుండగా ఆ గంట రిఫరీకి వినబడకపోవుట సాధారణము. అక్కడ ఇప్పటికిని పాత పద్ధతే పనిచేయును. రిఫరీ తాకిడిని చూచిన వెంటనే పిడికిలి ఎత్తి నిలుచుండును, ఆపై బల్లవద్దకు నడచిపోయి, తాను చూచినది చెప్పకముందే, టైమ్‌కీపర్ చూచినదేమో అడుగును. ప్రశ్న ఆ క్రమములో అడుగుటయే మేలు. రిఫరీ అభిప్రాయము ముందు వినబడితే, బల్లవద్ద కూర్చున్న కుర్రవాడు దానితోనే ఏకీభవించును.